పదకొండో ప్రశ్న

బస్సు రెండో మలుపు తిరిగేసరికి ఆమె ఫారాలు సర్దడం పూర్తయింది. మొత్తం ముప్ఫై నాలుగు. ఒక్కోదానికి నాలుగు పేజీలు, ఇరవై రెండు ప్రశ్నలు, పైమూలన మంచం నంబరు. వాటిని ఒకటో నంబరు నుంచి కాకుండా ముప్ఫై నాలుగు నుంచి వెనక్కి పేర్చుకోవడం ఆమెకి అలవాటు. తనిఖీ ఉందంటే చాలు, ఏ వృద్ధుల హోమ్‌లోనైనా మొదటి మంచం దగ్గరే దుమ్ము దులపడం మొదలెడతారు. చివరి మంచాల దాకా వచ్చేసరికి చేతులు పీకేస్తాయి. అంచేత అసలు సంగతి ఎప్పుడూ చివరి మంచం దగ్గరే దొరుకుతుంది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆమె కనిపెట్టిన కిటుకులు ఇలాంటివి ఓ పది ఉంటాయి. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

ఫారాలు సంచిలో పెట్టి, సంచి ఒళ్ళో పెట్టుకుని, కిటికీకి తల ఆనించింది. బస్సు కుదుపులకి అద్దం నుదుటి మీద సన్నగా దరువేస్తుంటే కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. ఆమె జీవితంలో నిద్ర సగం బస్సుల్లోనే గడిచింది. ఈ బస్సు నిద్ర ఒక వింత నిద్ర. కండక్టరు చిల్లర చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, ముందు సీటువాళ్ళ పెళ్ళి గొడవలు వినిపిస్తూనే ఉంటాయి, అవన్నీ కలిసి ఏదో ఒక కలైపోతాయి. దిగాల్సిన చోటుకి సరిగ్గా అర నిమిషం ముందు మెలకువ వస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాటిపోలేదు.

ఆమె ఉద్యోగానికి చాలా పెద్ద పేరుంది. ప్రాంతీయ ఆరోగ్య, సామాజిక సేవల నాణ్యతా పరిశీలకురాలు. గుర్తింపు కార్డు మీద అది రెండు వరుసలు పట్టి, చివరి అక్షరం అంచు కిందికి పోయింది. అంత పేరు పెట్టి పిలిచే ఓపిక ఎవరికి ఉంటుంది? ప్రాంతం మొత్తమ్మీద ఉన్న నలభై ఒక్క హోముల్లోనూ అందరూ ఆమెని మార్కుల మేడమ్ అంటారు. ప్రశ్నకి అయిదుకి ఇన్నని మార్కులు వేస్తుంది కనక. మార్కులు బాగా వస్తే ఆ హోమ్‌కి మొదటి శ్రేణి, రాకపోతే రెండోది. మనిషి పొట్టి, కళ్ళద్దాలు దళసరి, నడక నెమ్మది. ఎదురుపడి వెళ్ళిపోయాక ఎలా ఉందో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

కానీ ఆ ఫారంలో ఒక ప్రశ్న ఆమెది. పదకొండోది. "నిన్న ఉదయం టిఫిన్‌కి ముందే మీకు స్నానం చేయించారా?"

ఇరవై రెండేళ్ళ క్రితం వాళ్ళ నాన్న ఆస్పత్రిలో మూడు వారాలు మంచాన పడి, ఆ మంచం మీదే పోయాడు. ఆమె రోజూ మధ్యాహ్నం ఆఫీసు భోజనం వేళలో పరుగున వెళ్ళేది. పన్నెండున్నరైనా ఆయనకి మొహం కడిగిన జాడ ఉండేది కాదు. మాసిన గెడ్డంతో, నలిగిన చొక్కాతో, పక్క మంచాలవాళ్ళ చుట్టాలందరి కళ్ళెదుటా అలాగే పడుకుని ఉండేవాడు. ఆమెకి తల కొట్టేసినట్టుండేది. ఆ ఏడు ఆఫీసు వార్షిక సమావేశంలో, జీవితంలో మొదటిసారీ ఆఖరిసారీ, లేచి నిలబడి మాట్లాడింది. ఏం మాట్లాడిందో తనకే గుర్తులేదు. ప్రశ్న మాత్రం ఒప్పుకున్నారు, ఫారంలో వేశారు. ఇంట్లో దాన్ని నాన్న ప్రశ్న అనేవారు. ఇవాళ ప్రాంతమంతటా ఆ ప్రశ్నకి వచ్చినన్ని మార్కులు ఇంకే ప్రశ్నకీ రావు. ఆఫీసు గోడ మీది మార్కుల పటంలో దాని గీత అన్నిటికన్నా పైన ఉంటుంది. ఆ గోడ ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఆమె ఒక్క క్షణం ఆగి, ఎవరూ చూడకుండా చూసుకుని వెళ్ళేది.

బస్సు ఆగడానికి అర నిమిషం ముందు ఆమె కళ్ళు తెరిచింది.

హోమ్ ఎత్తు మీద ఉంది. రెండంతస్తుల లేతపసుపు మేడ, ముందు వాలుగా సిమెంటు బాట, చక్రాల కుర్చీలు ఎక్కడానికి. పెద్ద సిస్టర్ గుమ్మంలోనే ఎదురొచ్చింది. నిండైన మనిషి, చేతికి గడియారం పెట్టుకుని కూడా టైము గోడ మీదే చూస్తుంది. పదిహేనేళ్ళుగా ఆ హోమ్‌ని తన నెత్తిన పెట్టుకుని మోస్తున్నది ఆవిడే.

"రండి మేడమ్, రండి. ఈసారి మీరు తప్పు వెతకాలంటే భూతద్దం తెచ్చుకోవాలి," అంది.

"కళ్ళద్దాలున్నాయిగా," అంది ఆమె, దళసరి అద్దాలు సర్దుకుంటూ. ఇద్దరూ నవ్వుకున్నారు. ఏడాదికోసారి ఇదే మాట, ఇదే నవ్వు.

లోపల హాలు ఎప్పట్లాగే ఉంది. తూర్పు కిటికీల్లోంచి ఎండ వచ్చి నేల మీద పొడుగ్గా పరుచుకుంది. గోడ పొడుగునా కుర్చీలు, కుర్చీల్లో ముసలివాళ్ళు. అందరూ శుభ్రంగా తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, నిద్రపోతున్నారు. కొందరి తలలు గుండెల మీదికి వాలాయి, కొందరివి పక్కవాళ్ళ భుజాల మీదికి. ఎవరో మగతలో ఏదో అంటున్నారు, ఇంకెవరో దానికి మగతలోనే ఊకొడుతున్నారు. ఎండలో దుమ్ము కూడా తొందరలేకుండా తిరుగుతోంది. గుమ్మంలో నిలబడితే చూసేవాళ్ళకే ఆవలింత వస్తుంది. టైము పది కావస్తోంది. ఈ హాలుని చూసినప్పుడల్లా ఆమెకి ప్రాణం హాయిగా ఉండేది. ఏటా ఫారం చివర ఇతర విషయాలు అన్న చోట "ప్రశాంత వాతావరణం" అని రాసేది.

ఆయా కూడా తోడొచ్చింది. రాత్రి డ్యూటీ మనిషి, తనిఖీ రోజని ఇంటికి పంపలేదు. ఎర్రబడ్డ కళ్ళతో ఫారాల కట్ట పట్టుకుని వెనకే నడిచింది. ముప్ఫై నాలుగో మంచం మనిషి, ముప్ఫై మూడు, ముప్ఫై రెండు, కొందరు హాల్లో కుర్చీల్లో, కొందరు గదుల్లో మంచాల మీదే. ఒక్కొక్కరినీ మెల్లగా తట్టి లేపి, ప్రశ్నలు అడిగి, మళ్ళీ కునుకులోకి వదిలేసి వెళ్ళడం. పదకొండో ప్రశ్న దగ్గర ఆమె గొంతు తనకి తెలియకుండానే కాస్త మెత్తబడేది. అందరూ అవుననే అన్నారు. ఒకాయనైతే ప్రశ్న పూర్తికాకముందే, "అయిందమ్మా, అయింది, మళ్ళీ వద్దు," అని దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. ఆమె నవ్వి అయిదు వేసింది.

ఈసారి మాత్రం ఆమె కిటుకు పారలేదు. చివరి మంచాల దగ్గర ఏమీ దొరకలేదు. అసలు సంగతి ఆరో మంచం దగ్గర కూర్చుని ఉంది.

ఆరో మంచం ఆవిణ్ణి అందరూ కాజాలమ్మ అంటారు. దర్జీ దుకాణంలో అరవై ఏళ్ళు చొక్కాలకి కాజాలు కుట్టి, గుండీలు వేసిన మనిషి. ఎనభై రెండేళ్ళు. ఒంట్లో కండ లేదు, వేళ్ళు మాత్రం ఇంకా కుదురుగా ఉన్నాయి. హాల్లోకి పోకుండా మంచం మీదే దిండుకి ఆనుకుని కూర్చుంది. గుండె బలహీనంగా ఉందని డాక్టరు కుర్చీ వద్దన్నాడట. ఇరవై రెండు ప్రశ్నలకీ చకచకా జవాబులు చెప్పేసింది. అన్నీ బావున్నాయి.

ఆమె పెన్నుకి మూత పెట్టింది. లేవలేదు. ఇదీ ఒక కిటుకే. పెన్ను మూత పడ్డాక కాసేపు కూర్చుంటే మనుషులు మాట్లాడతారు.

"అయిపోయాయా అమ్మాయ్ నీ ప్రశ్నలు?" అంది కాజాలమ్మ.

"అయిపోయాయి మామ్మగారూ."

"అన్నీ నిజమే చెప్పాను. కడుపులో పెట్టుకునే చూస్తారు, అబద్ధమెందుకు? ఒక్క నిద్రే. రోజూ సరిగ్గా తలుపు దగ్గర లేపేస్తున్నారు."

"ఏ తలుపు?"

కాజాలమ్మ ఆయా వైపు ఒకసారి చూసి, చెప్పొచ్చనుకుందో ఏమో, కాళ్ళ మీది దుప్పటి సర్దుకుంది. "నాకో కల వస్తోంది. చిన్నప్పుడు మేం అద్దెకున్న ఇల్లు. రెండు గదులే ఆ ఇంటికి. కానీ కలలో వంటింటి వెనక ఇంకో గది ఉంటుంది. లోపల్నుంచి కుట్టుమిషను చప్పుడు. అది మా అక్క మిషను, నాకు తెలీదూ? తొక్కుతుంటే ఒకచోట కిర్రుమనేది. మా అక్క పంతొమ్మిదేళ్ళకే జ్వరమొచ్చి పోయింది. పోయే ముందు నెల్లాళ్ళు నాకు చూపించకుండా ఏదో కుట్టింది. ఏంటే అంటే, అయ్యాక చూద్దువుగానిలే అనేది. అది పోయిన రోజు నేను మా అత్త ఊళ్ళో ఉన్నాను. వచ్చేసరికి దాని బట్టలన్నీ ఎవరికో ఇచ్చేశారు." ఊపిరి తీసుకుంది. "అరవై ఏళ్ళు కుట్టానమ్మాయ్, ఎన్ని వేల చొక్కాలో. అదేం కుట్టిందో మాత్రం తెలీలేదు. ఇప్పుడు రోజూ ఆ గది దాకా వెళ్తాను. గడియ మీద చెయ్యేస్తాను. అంతే, మామ్మా లే, నీళ్ళు వేడిగా ఉన్నాయి అంటుంది ఈ పిల్ల."

ఆయా తల దించుకుంది. "నెమ్మదిగానే లేపుతానండీ," అంది.

"నెమ్మదిగానే లేపుతుంది. దాని తప్పేం లేదు."

"ఎన్నింటికి లేపుతారు?" అంది మార్కుల మేడమ్.

ఆయా చేతిలోని ఫారాల కట్ట సర్దుకుంది. కాజాలమ్మే చెప్పింది. "నాలుగింటికి మొదలు. నా వంతు నాలుగున్నర లోపే."

ఆమె ఫారం వెనక్కి తిప్పి పెన్ను మూత తీసింది. ముప్ఫై నలుగురు. రాత్రి డ్యూటీలో ఇద్దరు ఆయాలు. లేపడం, నడిపించుకెళ్ళడం, నీళ్ళు పోయడం, తుడవడం, బట్టలు కట్టడం, మనిషికి ఎంత లేదన్నా పన్నెండు నిమిషాలు. ఇద్దరికీ పంచితే మూడు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. టిఫిన్ ఏడున్నరకి. నాలుగింటికి మొదలెడితే ఏడూ ఇరవై నాలుగుకి అయిపోతుంది. ఆరు నిమిషాలు మిగులుతాయి కూడా. లెక్క అంత చక్కగా సరిపోయేసరికి ఆమె మళ్ళీ మొదటినుంచి వేసి చూసింది. ఈ ఒక్క హోమేనా? నలభై ఒక్క హోముల్లోనూ పదకొండో ప్రశ్నకి నిండు మార్కులే. అంటే నాలుగయ్యేసరికి ప్రాంతమంతటా స్నానాల గదుల్లో దీపాలు వెలుగుతాయి. ఎక్కడెక్కడి ముసలివాళ్ళో కళ్ళు నలుపుకుంటూ, గోడలు పట్టుకుంటూ, ఆ దీపాల వైపు నడుస్తారు. పది గంటలకి హాల్లో కుర్చీల్లో నిద్రపోతారు. దాన్ని తను ప్రశాంత వాతావరణం అనుకుంది.

"స్నానమైందా అని ఎవరో ప్రశ్న పెట్టారట, అందుకేనట," అంది కాజాలమ్మ నవ్వుతూ. "పెట్టినవాళ్ళకి పాపం జన్మలో నిద్ర పట్టలేదేమో."

ఆమెకి అబద్ధమాడాలనిపించలేదు. "ఆ ప్రశ్న పెట్టింది నేనే మామ్మగారూ."

కాజాలమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. తిడుతుందేమో అనుకుంది ఆమె, తిడితే బావుండుననుకుంది. కాజాలమ్మ చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకుంది. వేళ్ళు పొడిగా, వెచ్చగా ఉన్నాయి.

"అయితే మరీ మంచిది. కుట్టు తప్పు పడితే కుట్టినవాళ్ళ చేతే విప్పించేవాడు మా దర్జీ. ఏ దారం ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్ళకే తెలుస్తుంది కదా. నాకోసం ఒక్క రోజు విప్పు తల్లీ. ఒక్క రోజు నన్ను నా అంతట నన్ను లేవనివ్వమను. ఆ తలుపు తీసి, అది కుట్టిందేంటో చూసి వచ్చేస్తాను."

ఆఫీసు గదిలో పెద్ద సిస్టర్ మొదట టీ ఇచ్చింది, తర్వాత తలుపు వేసింది.

"దాచడానికేముంది మేడమ్? నాలుగింటికే లేపుతున్నాం. ఉన్న ఇద్దరు ఆయాలతో ఏడున్నరలోపు ముప్ఫై నాలుగు స్నానాలు ఇంకెలా అవుతాయో మీరే చెప్పండి."

"ఆవిడొక్కర్నీ వదిలెయ్యండి రేపు."

"తనిఖీ మూడు రోజులు కదా. వదిలేస్తే ఎల్లుండి మళ్ళీ అడిగినప్పుడు మీరేం రాస్తారు?"

ఆమె టీ గ్లాసు పక్కకి జరిపింది. అబద్ధం రాయడం ఆమెకి చేతకాదు. అది ఇద్దరికీ తెలుసు.

"ఒక్క 'లేదు' పడితే మేం రెండో శ్రేణికి పోతాం," అంది పెద్ద సిస్టర్. ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మొదటి శ్రేణి కాబట్టి వ్యాయామం చేయించే అమ్మాయి వారానికి రెండుసార్లు వస్తోంది. ఆ పిల్ల వచ్చాక పదకొండు మంది లేచి ఎవరి సాయం లేకుండా మరుగుదొడ్డికి వెళ్తున్నారు. రెండో శ్రేణి అయితే వారానికి ఒక్కసారే. ఆ పదకొండు మందిలో ఎవర్ని మళ్ళీ మంచాన పడెయ్యమంటారు, కాజాలమ్మ కల కోసం?"

టీ చల్లారిపోయింది. ఆమె తన పైఆఫీసరుకి ఫోన్ చేసింది. ఆయన ఆమెకన్నా ఇరవై ఏళ్ళు చిన్న, మర్యాదస్తుడు. అంతా విన్నాడు.

"ప్రశ్న మార్చాలంటే కమిటీ కూర్చోవాలి మేడమ్. ఇంకా మూడు నెలలుంది."

"ఆవిడకి ఎనభై రెండేళ్ళు సార్. గుండె బాగాలేదు."

"ఒక నియమం ఉంది. ఎందుకు పెట్టారో తెలీదు, ఇంతవరకూ ఎవరూ వాడలేదు. ప్రశ్న ప్రతిపాదించినవాళ్ళే దాని మీద అభ్యంతరం రాసిస్తే, కమిటీ తేల్చేదాకా ఆ ప్రశ్న ఏ హోమ్‌కీ లెక్కలోకి రాదు. ఇవాళే పంపితే రేపటినుంచే అమలు." ఆగాడు. "కానీ మేడమ్, ఒకసారి అలా పక్కన పెడితే కమిటీ దాన్ని మళ్ళీ తీసుకోదు. గోడ మీద గీత కూడా తీసేస్తారు. అది మీ ప్రశ్న కదా. మీరెందుకు రాసిస్తారు?"

తిరుగు బస్సులో ఆమె తల అద్దానికి ఆనించింది గానీ నిద్ర రాలేదు. పొద్దు వాలుతోంది. ఇళ్ళూ పొలాలూ దుకాణాలూ కరిగి ఒకదాంట్లోకి ఒకటి జారిపోతున్నట్టున్నాయి. ప్రతి కిటికీలోనూ నాన్న మాసిన గెడ్డంతో కనిపించాడు. ఇరవై ఆరేళ్ళలో తను చేసినదంటూ ఉంటే ఆ ఒక్క వాక్యమే. దాన్ని తీసేస్తే తను ఈ ప్రాంతంలో ఉన్నట్టు ఏం గుర్తుంటుంది? కార్డు మీద పేరు కూడా పూర్తిగా లేదు. ఆలోచనలో పడి దిగాల్సిన చోటు దాటిపోయింది. మొదటిసారి. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచింది.

ఆమె తమ్ముడింట్లో ఉంటుంది. పెళ్ళి చేసుకోకూడదని ఏమీ అనుకోలేదు, బస్సు నిద్రల మధ్య ఏదో అలా గడిచిపోయింది. తమ్ముడు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఎప్పుడు చూసినా వాకిట్లో ఒక ఫ్రిజ్ తలుపు ఊడదీసి ఉంటుంది. మరదలు అన్నం వడ్డిస్తూ, "కూరకి ఎన్ని మార్కులు వదినా?" అంది. రోజూ అడుగుతుంది. ఈమె రోజూ నాలుగున్నర అంటుంది. ఇవాళ ఏమీ అనకపోయేసరికి మరదలు తమ్ముడి వైపు చూసింది.

ఆమె అంతా చెప్పింది. తమ్ముడు అన్నం కలుపుతూ విన్నాడు.

"నాన్న ప్రశ్నరా అది," అంది చివరికి. "మధ్యాహ్నం పన్నెండున్నరకి కూడా అలా, మొహం కడగకుండా..."

"అక్కా," అన్నాడు వాడు. "నువ్వు మధ్యాహ్నం వచ్చేదానివి. పొద్దున్న పూట నేనుండేవాణ్ణి."

"అయితే?"

"నాన్న పాల వ్యాను నడిపాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు తెల్లవారుజామున మూడింటికి లేచాడు. పండగా లేదు, జ్వరమూ లేదు. ఆ ఆస్పత్రిలోనే మొదటిసారి పదింటిదాకా నిద్రపోయాడు. నర్సు నీళ్ళు తెస్తే నేనే పొమ్మనేవాణ్ణి. ఆయనే చెప్పమన్నాడు. ఇంత నిద్ర ఎక్కడ దాచారురా ఇన్నాళ్ళూ, అన్నాడొకరోజు నాతో."

ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు. వస్తూనే గెడ్డం చూసి ఏడ్చేదానివి. తర్వాత నీ ప్రశ్న ఫారంలో వేశారని ఇంటికి స్వీట్లు తెచ్చావు. అప్పుడెలా చెప్పను?" వాడు తల ఎత్తలేదు. "సిగ్గుపడింది నాన్న కాదక్కా. నువ్వు."

మరదలు మంచినీళ్ళు తెచ్చి ఆమె పక్కన పెట్టి, చెయ్యి ఆమె భుజం మీద వేసి అలాగే నిలబడింది. ఆమె ఏడ్చింది. సిగ్గుతోనే ఏడ్చింది, కాసేపటికి ఆ ఏడుపులో నాన్న నిద్రపోతున్న మొహం కనిపించి, అది ఇంకోరకం ఏడుపైంది. చెయ్యి కడుక్కుని, అదే బల్ల మీద తెల్లకాయితం పరిచి రాసింది. "పదకొండో ప్రశ్నను ప్రతిపాదించింది నేను. దాని వల్ల వృద్ధుల నిద్ర పాడవుతోంది. కనుక నా ప్రశ్న మీద నేనే అభ్యంతరం తెలుపుతున్నాను." సంతకం పెట్టి, ఫోటో తీసి ఆఫీసరుకి పంపింది. అయిదు నిమిషాల్లో "అందింది మేడమ్" అని జవాబొచ్చింది. తర్వాత హోమ్‌కి ఫోన్ చేసింది.

"మీరు రాసేశారా?" అంది పెద్ద సిస్టర్. అవతల ఏదో పుస్తకం మూసిన చప్పుడైంది. "అయితే సరే. రేపు ఎవర్నీ లేపం," అంది.

పొద్దున్న మొదటి బస్సు పట్టుకుని వెళ్ళింది. ఆ ఫారాల మీద మిగిలిన సంతకాలు చేయించే పని ఎలాగూ ఉంది. అసలు పని అది కాదని ఆమెకీ తెలుసు. కాజాలమ్మ లేచాక మొదట తనకి చెబుతుందేమో, ఆ అక్క ఏం కుట్టిందో. లంగా అయి ఉంటుందా? చెల్లెలికి గౌనా? దారంతా అదే ఊహించుకుంటూ కూర్చుంది.

ఎనిమిది కావస్తోంది. హాలు ఖాళీగా ఉంది. ఎండ వచ్చి ఖాళీ కుర్చీల మీద కూర్చుంది. గదుల్లోంచి గురకలు వినిపిస్తున్నాయి, సన్నవీ, బొంగురువీ, ఈలపాటవీ, మేడ మొత్తం ఒక్క మనిషై ఊపిరి పీలుస్తున్నట్టు. నిన్న దుప్పటి లాక్కున్న పెద్దాయన ఒక్కడే లేచి, గోడ పట్టుకుని మెల్లగా వస్తూ, "ఇవాళ సెలవా అమ్మా?" అని అడిగాడు. సెలవే అంది ఆమె. నోరంతా నవ్వై వెనక్కి తిరిగి మళ్ళీ పడుకోడానికి వెళ్ళిపోయాడు.

పెద్ద సిస్టర్ ఆరో మంచం గది బయట నిలబడి ఉంది. ఇవాళ గోడ గడియారం వైపు చూడటం లేదు. ఆవిడ మొహం చూడగానే ఆమె అడుగు ఆగిపోయింది.

"నిద్రలోనే," అంది పెద్ద సిస్టర్. "ఏడున్నరకి చూసింది ఆయా. డాక్టరు పక్క వీధే, వచ్చి చూసి వెళ్ళాడు."

లోపల కాజాలమ్మ కుడిపక్కకి తిరిగి పడుకుని ఉంది. దుప్పటి భుజం దాకా ఉంది, జుట్టు చెదిరి దిండు మీద పడింది. ఆయా నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని మంచం పట్టె పట్టుకుంది. ఆమెని చూడగానే బావురుమంది.

"నాలుగింటికి లేపి ఉంటే తెలిసేదేమో మేడమ్."

ఆమె గుండెల్లో ఉన్న మాటా అదే. ఆ గుమ్మంలోనే పుట్టిన మాట. జవాబు పెద్ద సిస్టర్ చెప్పింది, గద్దించినట్టే చెప్పింది. "లేపి ఉంటే ఏమయ్యేది? ఆ చల్లటి స్నానాల గదిలో నిలబెట్టాక తడిజుట్టుతో పోయేది. నోరు మూసుకో." అని తనే ముక్కు చీదుకుంది.

కాసేపటికి ఆయా కళ్ళు తుడుచుకుంది. "ఆరింటికి వచ్చి చూశాను మేడమ్. అప్పుడు బావుంది. బావుండటం కాదు, చెయ్యి ఇలా ఆడుతోంది." బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించింది, సూది పట్టుకున్నట్టు. మెల్లగా పైకి లాగి, కాస్త ఆగి, మళ్ళీ దించింది. "కుడుతోంది. తను కూడా కుడుతోంది. పలకరించబోయి ఆగాను. తలుపు తీసిందేమో, లోపలికి వెళ్ళిందేమో అనిపించింది. ఇప్పుడు లేపితే పాపం అనుకుని వచ్చేశాను."

ఆమె మంచం అంచున కూర్చుంది. కాజాలమ్మ వేళ్ళు పట్టుకుంది. నిన్నటి వెచ్చదనం లేదు. కానీ ఆ రెండు వేళ్ళూ ఇంకా దగ్గరగానే ఉన్నాయి. ఆమెకి దుఃఖం వచ్చింది, దాంతోపాటే ఎప్పుడూ ఎరగని నిశ్చింత ఒకటి వచ్చింది. ఆ అక్క ఏం కుట్టిందో ఇక తనకి ఎప్పటికీ తెలీదు. తెలియాల్సినవాళ్ళకి తెలిసింది, అంతే చాలనుకుంది. సంచిలోంచి ఆరో నంబరు ఫారం తీసి, పదకొండో ప్రశ్న మీద పెన్నుతో అడ్డంగా గీత గీసింది.

మొహం కడుక్కోవడానికి స్నానాల గదిలోకి వెళ్ళింది. దీపం వెలగడం లేదు, పై కిటికీలోంచి పగటి వెలుతురు పడుతోంది. వెనకాలే ఆయా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆవిడకి నీళ్ళు ఆరింటికి ఒకసారి కాచాను మేడమ్. చల్లారిపోయాయని ఏడింటికి మళ్ళీ. ఏడున్నరకి ఇంకోసారి కాచి పెట్టి, అప్పుడు వెళ్ళాను చూద్దామని. ఎప్పుడు లేచినా వెచ్చగా ఉండాలని."

పీట పక్కన బకెట్టు నిండా నీళ్ళు ఉన్నాయి, వేడి పోకుండా పైన తువాలు రెండు మడతలు వేసి కప్పి ఉంది, ఆ మడతల సందులోంచి ఆవిరి సన్నగా ఇంకా వస్తూనే ఉంది.